చలాన్లు అత్తగారింటికే వస్తున్నాయి

మార్చి 9

అమ్మాయ్,

పైన ఏమని రాయాలో తేలక రెండు కాగితాలు చించాను. కోడలా అని రాద్దామంటే కోర్టువాళ్లు కాదన్నారు. పేరు పెట్టి నిన్ను నేనెప్పుడూ పిలవలేదు. అందుకని అమ్మాయ్ అంటున్నాను. నచ్చకపోతే చెప్పు.

మోకాలి ఆపరేషనయ్యాక మా చెల్లెలి దగ్గర ఉండి మొన్ననే ఫ్లాటుకి వచ్చాను. తాళం తీసి తోస్తే తలుపు కదలదు. కింద అన్ని కవర్లు. కరెంటు బిల్లులు, పెన్షను కాగితాలు, వాటి మధ్య నీ పేరుతో కొన్ని. అన్నీ ట్రాఫిక్ వాళ్లవే. విప్పాను. వేరేవాళ్ల ఉత్తరాలు విప్పకూడదని నాకూ తెలుసు. కానీ నా గుమ్మంలో పడినదాన్ని వేరేవాళ్లదని అనుకోవడం నాకు చేతకాలేదు.

అన్నీ అతివేగం చలాన్లు. అన్నీ ఒకే చోట, బైపాసు మీద ఫ్లైఓవర్ దిగే దగ్గర. ఆ వేగం అంకెలు చూసి నాకు బీపీ పెరిగింది. అంత వేగంగా వెళ్లినవాళ్లను నర్సుగా చేసినంత కాలం నేను స్ట్రెచర్ల మీదే చూశాను. నువ్వు డ్రైవింగు స్కూలు పెట్టావని ఎవరో అంటే సంతోషించాను. అక్కడ నేర్పేది ఇదా?

ఇంకో మాట కూడా రాసేస్తాను, లేకపోతే నిద్ర పట్టదు. ఆ ఫ్లైఓవర్ దిగగానే వచ్చేది మా వాడి అపార్టుమెంటు. అక్కడి నుంచి నా ఫ్లాటు ఎంత దూరమో నీకు తెలుసు. ఇన్నిసార్లు ఈ ఊరొచ్చి, ఒక్కసారి మెట్లెక్కి మోకాలెలా ఉందని అడగలేకపోయావు.

కవర్లు పంపుతున్నాను. ఫోను మాత్రం చెయ్యకు. ఫోన్లో నా గొంతు వార్డులో అరిచినట్టే ఉంటుంది. కాగితం మీద కాస్త మెత్తగా ఉంటాను.

ఇట్లు,
నీ పాత ఇంట్లో ఉన్న మనిషి


మార్చి 16

అత్తయ్య గారికి,

అమ్మాయ్ అంటే నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం అత్తయ్య అనే రాస్తాను. వేరే పిలుపు నాకు రాదు.

మీ మోకాలి ఆపరేషను సంగతి మీ ఉత్తరం చూసేదాకా నాకు తెలియదు. ఎవరు చెబుతారు చెప్పండి. మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త. ఆ రెండో అంతస్తు మలుపులో బల్బు ఎప్పుడూ పోతూనే ఉంటుంది.

ఇక మీరన్న మాట. కారులో సామాను వేసుకుని ఈ ఊరొచ్చాక నేను మళ్లీ అటు రాలేదు. మీ అబ్బాయి ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారో మీరు రాస్తేనే తెలిసింది. ఆయన ఇంటి చుట్టూ కారేసుకుని తిరగాలన్న కోరిక నాకు లేదు, అంత తీరికా లేదు. మీరు అలా అనుకోగలిగారంటే నాకు కష్టంగానే ఉంది.

కానీ చలాన్లలో ఉన్న నంబరు నా కారుదే. అదే అంతుపట్టడం లేదు. నా కారు పొద్దున లేచింది మొదలు క్లచ్ వదలడం రానివాళ్ల చేతుల్లో ఉంటుంది. మూడో గేరు పడిన రోజు మాకు పెద్ద విశేషం. మీరు చూసిన అంకెలు ఆ స్పీడోమీటరు ఎన్నడూ చూసి ఉండదు.

చిరునామా మార్చకపోవడం నా నిర్లక్ష్యమే. ఇల్లు వెతుక్కోవడం, స్కూలుకి గది, అనుమతులు, వీటి మధ్య కారు రిజిస్ట్రేషను సంగతి రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అంటూ తోసుకొచ్చాను. నిన్న ఆ పనికి కూర్చుంటే, చలాన్లు తేలేదాకా చిరునామా మార్చరట. చలాను నాది కాదని చెప్పుకోవాలంటే గడువులోపు చెప్పాలట. ఆ గడువేమో మీ తలుపు వెనకే గడిచిపోయింది.

మీకు శ్రమ ఇచ్చాను. ఇకమీదట ఏమైనా వస్తే విప్పకుండా ఇటు పంపెయ్యండి, చాలు.

ఇట్లు,
డ్రైవింగు స్కూలు నడుపుకుంటున్న మీ పాత కోడలు


మార్చి 24

అమ్మాయ్,

విప్పకుండా పంపమన్నావు. విప్పాను. విప్పకపోతే ఈ ఉత్తరంలో రాయబోయేది నీకు ఇంకో వారం ఆలస్యంగా తెలిసేది.

వాడి కోసం తిరుగుతున్నావని నేననలేదు. నా కోసం ఆగలేదని అన్నాను. రెంటికీ తేడా ఉంది. మళ్లీ చదువుకో. నీకు చిన్నమాటలో పెద్దమాట వెతికే అలవాటు ఇంకా పోలేదు.

సరే, నువ్వు రాలేదంటే నమ్ముతాను. అబద్ధం చెప్పే మనిషివి కాదు, అదొక్కటీ నేను ఎక్కడైనా చెబుతాను. మరి కారు ఎవరికైనా ఇస్తున్నావా? అక్కడ నీకు కొత్తగా ఎవరైనా దగ్గరయ్యారా? అయితే దాచుకోనక్కర్లేదు. నీ వయసుకి అది తప్పు కాదు. కానీ ఆ మనిషి ఇంత వేగంగా నడిపేవాడైతే మాత్రం నాకు నచ్చడు. ముందే చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న వచ్చినది చలాను కాదు. జవాబు ఇవ్వనందుకు నీ లైసెన్సు సస్పెండు చేస్తారట. చెప్పుకోవడానికి ఏమైనా ఉంటే మే నెల మొదట్లో ఇక్కడి రవాణా ఆఫీసులో విచారణకు రావాలట, లేదా మనిషిని పంపాలట. తేదీ కాగితంలో ఉంది. కాగితం నీకు పంపుతున్నాను, నకలు నా దగ్గర ఉంచుకున్నాను.

అన్నం మానెయ్యకు. కంగారు పడితే నువ్వు మొదట చేసే పని అదే.

ఇట్లు,
అత్తయ్య


మార్చి 31

అత్తయ్యా,

కొత్తవాళ్లెవరూ లేరు. ఉంటే మీకు చెప్పాలా వద్దా అన్నది కూడా తెలియదు, కానీ లేరు. కారు ఎవరికీ ఇవ్వలేదు. రాత్రి దాని తాళంచెవి నా దిండు కిందే ఉంటుంది.

ఆ కాగితం చదివాక కాసేపు స్కూలు మెట్ల మీద కూర్చుండిపోయాను. లైసెన్సు లేని మనిషి డ్రైవింగు నేర్పలేదు. స్కూలుకి పూర్తి అనుమతి కోసం పరిశీలన జరగాల్సింది కూడా ఈ విచారణ రోజే. తేదీ మార్చమని అడిగితే మళ్లీ ఏడాది చివరికి అన్నారు. ఒక చోట నేనుంటే ఇంకో చోట ఉండలేను.

నా దగ్గర నేర్చుకునేవాళ్ల గురించి మీకు చెప్పనేలేదు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఉంది. స్టీరింగు పట్టుకోగానే కళ్లు మూసుకునేది. ఇప్పుడు వెనక్కి తీసి రెండు కార్ల మధ్య పెడుతోంది. ఒక పళ్ల డాక్టరమ్మ బ్రేకు వేసిన ప్రతిసారీ ఎదుటి బండికి సారీ చెబుతుంది. వాళ్లందరి ఫీజులు తిరిగిచ్చి, గదికి తాళం వేసి, మళ్లీ ఎవరి దగ్గరో ఉద్యోగానికి చేరాలి.

అందుకని సిగ్గు విడిచి అడుగుతున్నాను. చలానులో నంబరు ప్లేటు ముక్క ఒక్కటే అచ్చు వేశారు. కెమెరా తీసిన పూర్తి ఫోటో ఆఫీసుకి మనిషి వెళ్లి అడిగితేనే చూపిస్తారట. నా కారు పైకప్పు మీద స్కూలు బోర్డు ఉంటుంది, వెనక అద్దం మీద చెయ్యంత ఎర్ర ఎల్ అక్షరం ఉంటుంది. కాలేజీ పిల్లలకి దూరం నుంచే నవ్వొచ్చేంత పెద్దది. అది ఆ ఫోటోలో ఉందో లేదో మీరు ఒక్కసారి చూసి వస్తారా? మోకాలు సహకరిస్తేనే. లేకపోతే వద్దు.

నా తరఫున మీరు రావచ్చని అధికారపత్రం రాసి సంతకం పెట్టి పంపుతున్నాను. అందులో సంబంధం అన్నచోట ఏం రాయాలో తెలియక వదిలేశాను. మీకు తోచింది రాయండి.

మీ అమ్మాయ్


ఏప్రిల్ 11

అమ్మాయ్,

ఆ ఆఫీసు గురించి నన్ను అడుగు. లిఫ్టు ఉంది, పనిచెయ్యదు. కుర్చీలు ఉన్నాయి, వాటి మీద ఫైళ్లు కూర్చున్నాయి. మొదటి రోజు కౌంటరులో కుర్రాడు రేపు రమ్మన్నాడు. రేపు వెళితే ఇంకో కౌంటరన్నాడు. ఆ కౌంటరులో ఆవిడ భోజనానికి వెళ్లింది. నేను కూడా నా డబ్బా విప్పుకుని ఆవిడ కుర్చీ ఎదురుగానే కూర్చుని తిన్నాను. వచ్చి చూసి ఏమనాలో తెలియక పని మొదలుపెట్టింది.

అధికారపత్రం తిప్పితిప్పి చూసింది.

"సంబంధం దగ్గర అత్తగారు అని రాశారు. ఇక్కడేమో ఆవిడ స్థితి విడాకులు అని ఉంది."

"ఉంది."

"మరి మీరు అత్తగారు ఎలా అవుతారమ్మా?"

"విడాకులు తీసుకున్నది వాళ్లిద్దరు. నన్నెవరూ సంతకం అడగలేదు. నేనింకా పదవిలోనే ఉన్నాను."

వెనక లైన్లో ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు కానీ ముద్ర కొట్టింది.

ఫోటోలు చూశాను. అన్నీ చూశాను. బోర్డు లేదు, ఎల్ అక్షరం లేదు. అది నీ కారు కాదు.

మిగిలింది తర్వాత రాస్తాను.

అత్తయ్య


ఏప్రిల్ 17

అత్తయ్యా,

మీ ఉత్తరంలో ఆ నాలుగు మాటలు స్కూల్లో అందరికీ చదివి వినిపించాను. పళ్ల డాక్టరమ్మ మీ డబ్బా సంగతి మళ్లీ చదివించుకుంది.

కానీ నాకొక సందేహం. ఫోటోల నకలు పంపలేదు. మిగిలింది తర్వాత అన్నారు, ఆ తర్వాత ఉత్తరమే లేదు. మెట్లెక్కి దిగి మోకాలు వాచిందా? లేక ఈ తిరుగుడంతా నాకెందుకని విసుగొచ్చిందా? వస్తే తప్పేం లేదు. విడిపోయిన మనిషి కోసం ఎవరు ఇంత చేస్తారు. విసుగొస్తే విసుగని రాసెయ్యండి, నేనేదో దారి చూసుకుంటాను. పరిశీలన వదులుకుని నేనే వస్తాను. మీరు ఏమీ రాయకపోతే మాత్రం నాకు దిక్కు తోచడం లేదు.

మీ అమ్మాయ్


ఏప్రిల్ 23

అమ్మాయ్,

విసుగూ లేదు, మోకాలూ వాయలేదు. ఒక మనిషితో మాట్లాడకుండా నీకు రాయకూడదని ఆగాను.

ఆ ఫోటోలో కారు వెనక సైకిలు తగిలించుకునే స్టాండు ఉంది. పోయినేడు మా వాడి పుట్టినరోజుకి నేను కొనిచ్చిన స్టాండు. కుడివైపు కొక్కెం వంగితే నేనే నీలం టేపు చుట్టాను. ఆ టేపు ఫోటోలో కనిపిస్తోంది. మీ పెళ్లయిన ఏడాది ఇద్దరూ ఒకే షోరూముకి వెళ్లి, ఒకే రోజు, ఒకే తెలుపు కార్లు రెండు తెచ్చుకున్నారు గుర్తుందా? ఒకే రోజు రిజిస్టరయ్యాయి, నంబర్లలో చివరి అంకె తప్ప మిగతావన్నీ ఒకటే వచ్చాయి. నీది చివర ఎనిమిది. వాడిది చివర మూడు. వాడి ప్లేటు ఎప్పుడో ఊగిపోతుంటే నల్ల స్క్రూలు రెండు ఆ మూడుకి ఎడమపక్క ఖాళీల్లో బిగించాడు. కెమెరాకి అది ఎనిమిదిలా కనపడింది. అంతే. నువ్వు చిరునామా మార్చి ఉంటే మొదటి చలానుకే ఇది తేలిపోయేది.

వాడింటికి వెళ్లాను. ఫోటో ముందు పెట్టాను.

"ఎవరి బండిరా ఇది?"

చూశాడు. దాచలేదు, అది చెప్పాలి. "నాదే. కానీ నాకేం చలాన్లు రాలేదమ్మా."

"నీవి ఇంకొకరికి వెళ్లాయి."

విషయం చెప్పాను. ఆఫీసుకి ఆలస్యమవుతుంటే తొక్కానన్నాడు. తర్వాత అన్నాడు, "ఆ డబ్బేదో నేనిస్తాను, నువ్వు పంపించు. తనని కట్టెయ్యమను. నేనే వెళ్లి ఒప్పుకుంటే నా లైసెన్సు మీదికొస్తుంది."

"దాని లైసెన్సు పోతే దాని స్కూలు పోతుంది."

"నువ్వు నాకు అమ్మవా, తనకి అమ్మవా?"

"నీకే. అందుకే ముందు నీ దగ్గరికొచ్చాను. కాకపోతే నేరుగా ఆఫీసుకే వెళ్లేదాన్ని."

విచారణ రోజు నువ్వు చెప్పు, లేకపోతే నేను చెబుతాను అని వచ్చేశాను. మెట్లు దిగుతుంటే చెయ్యి పట్టుకోవడానికి కూడా రాలేదు. ఇంటికొచ్చి పడుకున్నాను. వాడు చెడ్డవాడు కాదు. అడ్డదారి కనపడితే ఆగలేడు. చిన్నప్పుడు జ్వరం మందు కూడా కుండీలో పోసి తాగానని చెప్పేవాడు.

అత్తయ్య


ఏప్రిల్ 27

అత్తయ్యా,

చదివాను. కోపం వచ్చింది, వెంటనే మీ ముఖం గుర్తొచ్చింది.

ఇంతటితో ఆపేద్దాం. చలాన్లు నేను కట్టేస్తాను. లైసెన్సు కొన్ని నెలలు ఆపుతారేమో, ఆ తర్వాత మళ్లీ మొదలుపెడతాను. నా కోసం మీరు కన్నకొడుకు మీద సాక్ష్యం చెప్పడం నేను చూడలేను. మీకున్నది ఆయనొక్కరే.

మీ అమ్మాయ్


ఏప్రిల్ 30

అమ్మాయ్,

కట్టావంటే చూడు.

నాకున్నది ఎవరెవరో నేను లెక్క వేసుకుంటాను, నువ్వు వెయ్యకు. చెయ్యని తప్పుకి తలవంచితే అది మంచితనం కాదు. వార్డులో నర్సు చెయ్యని పొరపాటు నెత్తిన వేసుకుంటే పేషెంటుకి తప్పు మందు పడుతూనే ఉంటుంది. వాడూ అలాగే ఆ ఫ్లైఓవర్ మీద ఏదో ఒక రోజు దేనికో గుద్దుకుంటాడు. అప్పుడు నేను ఏ కౌంటరులో కూర్చోవాలి?

నీ పరిశీలన నువ్వు చూసుకో. నెత్తికి నూనె రాసుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని వెళ్లు.

అత్తయ్య


మే 6

అమ్మాయ్,

గెలిచాం. ముందు అది చదువుకుని ఊపిరి పీల్చుకో, తర్వాత మిగిలింది చదువు.

విచారణ గదిలో అధికారి జలుబుతో కూర్చున్నాడు. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య మాట్లాడుతున్నాడు. నీ కాగితాలు తిరగేసి అన్నాడు, "అసలు వాహనం చిరునామా మార్చకపోవడమే తప్పు కదమ్మా. మారిన వెంటనే మార్చాలి. నోటీసులు ఎవరికి అందాలి, ఎవరు జవాబివ్వాలి?"

"తప్పే," అన్నాను. "దానికి జరిమానా వెయ్యండి, కడుతుంది. చేసినదానికి వెయ్యండి. చెయ్యనిదానికి వెయ్యకండి."

ఫోటోలు పెద్దవి చేయించి తీసుకెళ్లాను. బల్ల మీద పరిచాను. నీ కారు ఫోటో, నువ్వు పంపినది, పక్కన పెట్టాను. ఆ ఎర్ర ఎల్ చూసి ఆయన మొదటిసారి తలెత్తాడు.

"ఇది వేరే బండే. ఎవరిదో మీకు తెలుసా?"

నోరు తెరిచాను. నిజం చెబుతున్నాను, మాట రాలేదు. ఎన్నో మరణవార్తలు చెప్పిన నోరు ఇది.

"నాదండి."

వెనక బెంచీ నుంచి వచ్చింది ఆ మాట. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో నాకు తెలియదు. ఆఫీసు బట్టల్లోనే ఉన్నాడు, బ్యాగు ఒళ్లో పెట్టుకుని. లేచి నిలబడ్డాడు. "బండి కింద ఉందండి. చూపిస్తాను. స్క్రూలు నేనే బిగించాను. వేగం కూడా నాదే."

అధికారి, కౌంటరులో భోజనం ఆవిడ, నేను, ఇంకో నలుగురు కిందికి దిగాం. ఈసారి వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన ప్లేటు ముందు వంగి చూశాడు, దూరం వెళ్లి చూశాడు, మళ్లీ వంగాడు. "ఇక్కడి నుంచి ఎనిమిదే," అన్నాడు, ఆశ్చర్యపోతూ. స్క్రూలు ఊడదీయించాడు. మూడు బయటపడింది. భోజనం ఆవిడ చప్పట్లు కొట్టింది. కొట్టి, తానే సిగ్గుపడింది.

నీ పేరు మీద చలాన్లన్నీ రద్దు. సస్పెన్షను లేదు. చిరునామా మార్చనందుకు చిన్న జరిమానా ఉంది, అది కట్టు. మార్చడానికి ఇక అడ్డేమీ లేదు, ఈ వారమే మార్చు. వాడి చలాన్లు వాడికి పడ్డాయి. కొన్ని నెలలు బండి ముట్టుకోకూడదు, ఏదో క్లాసుకి కూడా వెళ్లాలి. ఆఫీసుకి బస్సులో పోతాడు, బాగుపడతాడు.

బయటికొచ్చాక అడిగాడు, "తృప్తేనా?"

"ఆకలేస్తోంది. పద," అన్నాను.

ఇద్దరం ఎదురుగా హోటల్లో తిన్నాం. లేచేటప్పుడు, "తనకి చెప్పు," అన్నాడు. ఏం చెప్పాలో చెప్పలేదు. నేను ఇలా చెబుతున్నాను.

నీ పరిశీలన ఏమైందో రాయకుండా నన్ను కూర్చోబెట్టావు. వెంటనే రాయి.

నీ అత్తయ్య


మే 21

అత్తయ్యా,

ఆలస్యానికి తిట్టండి, పడతాను. చేతిలో కాగితం పడ్డాకే రాయాలని ఆగాను. పడింది. స్కూలుకి పూర్తి అనుమతి వచ్చింది.

పరిశీలనకు వచ్చినాయన నన్నేమీ అడగలేదు. బ్యాంకావిడని పిలిచి, బండి నడపమని పక్కన కూర్చున్నాడు. ఆవిడ కళ్లు మూసుకుంటుందేమోనని నేను గేటు దగ్గర గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. సంత వీధిలోంచి తీసుకెళ్లి, ఎదురొచ్చిన ఒక బండిని వెనక్కి పంపించి, ఆయన్ని క్షేమంగా తెచ్చి దించింది. దిగి ఆయన, "మా ఇంట్లోవాళ్లకి నేర్పడానికి నాకు ఓపిక చాలలేదు, మీ దగ్గరికి పంపొచ్చా?" అన్నాడు. ఆ మాటకి పళ్ల డాక్టరమ్మ ఏడ్చేసింది. ఎందుకో ఆవిడకే తెలియదు.

చిరునామా మార్చుకున్నాను. జరిమానా కట్టాను. కొత్త రిజిస్ట్రేషను కార్డు మీద నా స్కూలు ఉన్న వీధి పేరు చూస్తే, ఈ ఊళ్లో నేను అద్దెకి కాకుండా హక్కుతో ఉన్నట్టు అనిపించింది. మీ అబ్బాయి చెప్పమన్నది అందిందని చెప్పండి. అంతకంటే రాయడానికి ప్రస్తుతం నా దగ్గర ఏమీ లేదు. అది కోపం మాత్రం కాదు.

వేసవి సెలవులకి మీరు ఇక్కడికి వస్తున్నారు. అడగడం లేదు, చెబుతున్నాను. ఇల్లు కింది అంతస్తే, మెట్లు లేవు. టిక్కెట్టు ఈ కవర్లోనే ఉంది.

నిన్న సాయంత్రం కొత్త కార్డు జేబులో పెట్టుకుని, నేర్చుకునేవాళ్లెవరూ లేకుండా, ఒక్కదాన్నే కారు తీసుకుని పెద్ద రోడ్డెక్కాను. నెత్తిన బోర్డు, వెనక ఎర్ర ఎల్. రోడ్డు ఖాళీగా, నున్నగా ఉంది. తొక్కితే ఎంతైనా పోతుంది. నలభై మీద పెట్టాను, అక్కడే ఉంచాను. వెనక లారీ ఒకటి హారన్ మోగిస్తూనే ఉంది. చివరికి విసిగి పక్కనుంచి ముందుకొచ్చి, డ్రైవరు తల బయటపెట్టి, "ఇంకా నేర్చుకుంటున్నావామ్మా?" అని అరిచాడు.

"నేర్పుతున్నాను," అని నేనూ అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, అతను లారీని దారి పక్కకి లాగి నాకు సలాం కొట్టాడు.

మీ కోడలు